పడవంత కారు: పాత లింకన్ టౌన్ కార్ కొనడం, నడపడం, కాపాడుకోవడం

డాలస్ పక్కన మేముండే వీధిలో తెలుగువాళ్ళ ఇళ్ళు ఏడెనిమిది ఉంటాయి. ఆ ఇళ్ళ ముందు టెస్లాలు, టొయోటా సియెన్నాలు. మా ఇంటి ముందు మాత్రం 18 అడుగుల నల్ల లింకన్ టౌన్ కార్, 2007 మోడల్. ట్రావెల్స్‌వాళ్ళు ఎయిర్‌పోర్ట్‌కి ఎక్కువగా తిప్పిన కారు కదా, ఎవరింటికి ఫంక్షన్‌కి వెళ్ళినా "ఎయిర్‌పోర్ట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చేశారా?" అని ఒకరైనా అంటారు. భోజనాలయ్యాక పక్కకు పిలిచి "ఎంతకొచ్చింది, మెయింటెనెన్స్ ఎలా ఉంది?" అని అడిగేదీ వాళ్ళే. వాళ్ళకి చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఈ కారును మెత్తగా నడవడం కోసం తయారు చేశారు. మలుపుల్లో ఒరుగుతుంది, బ్రేక్ కొడితే ముక్కు దించుతుంది, స్టీరింగ్ చిటికెన వేలితో తిరుగుతుంది. ఇవి మీకు లోపాలుగా కనిపిస్తే ఈ కారు మీది కాదు. గట్టి స్ప్రింగులు, 20 అంగుళాల రిమ్ములు వేసి దీన్ని ఇంకోదిగా మార్చాలని చూసినవాళ్ళని చూశాను. చివరికి బండి రెంటికీ చెడ్డ రేవడి అయింది: స్పీడూ రాలేదు, సుఖమూ పోయింది.

అడుగు 1: ఏ ఏడాది బండి వెతకాలి

లింకన్ అంటే ఫోర్డ్ కంపెనీ లగ్జరీ బ్రాండ్. అందులో టౌన్ కార్ 1981లో విడి మోడల్ అయింది. 1990లో రూపం మారింది. 1991 మోడల్‌లో 4.6 లీటర్ల వీ8 ఇంజిన్ వచ్చింది, ఫోర్డ్ మాడ్యులర్ ఇంజిన్ కుటుంబంలో మొట్టమొదటిది ఎక్కింది ఈ కారులోనే. 1998లో డబ్బా ఆకారం పోయి మూలలు గుండ్రమయ్యాయి. 2003లో పైకి పెద్దగా తేడా కనపడదు గానీ కింద చాలా మారింది. ఛాసిస్ ముందు భాగం కొత్తది, స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్ అయింది, ఇంజిన్ 239 హార్స్‌పవర్‌కి చేరింది. 2007 దాకా మిషిగన్‌లోని విక్సమ్ ప్లాంట్‌లో చేశారు. అది మూతపడ్డాక కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని సెయింట్ థామస్‌కి మార్చారు. 2011 ఆగస్టులో అక్కడే చివరిది తయారైంది. విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) 1తో మొదలైతే అమెరికాలో చేసింది, 2తో మొదలైతే కెనడాది.

రోజూ నడపడానికైతే 2003 నుంచి 2011 మధ్యదే చూడండి. 1996 నుంచి 2001 దాకా వచ్చిన ఈ 4.6 ఇంజిన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల భాగం) మొత్తం ప్లాస్టిక్‌ది. ముందువైపు కూలెంట్ వెళ్ళే దారి దగ్గర అది పగిలేది. ఆ గొడవ కోర్టుదాకా వెళ్ళి సెటిల్‌మెంట్ అయింది. తర్వాత వచ్చిన భాగంలో ఆ దారిని అల్యూమినియంతో చేశారు. అందుకని ఆ ఏళ్ళ బండి నచ్చితే మొదటి ప్రశ్న "మానిఫోల్డ్ మార్చారా, బిల్లు ఉందా?" అన్నదే.

ఏడాది కంటే ముఖ్యం, దాన్ని ఎవరు వాడారన్నది. టౌన్ కార్లలో రెండు జాతులున్నాయి. ఒకటి రిటైరైన పెద్దాయన ఆదివారం చర్చికీ, వారానికోసారి డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్ళింది. రెండోది ఎయిర్‌పోర్ట్‌లో గంటల తరబడి ఏసీ వేసుకుని నిలబడింది. ఆ రెండో బండి ఓడోమీటర్ 1,20,000 మైళ్ళు చూపిస్తున్నా ఇంజిన్ అంతకంటే చాలా ఎక్కువే పనిచేసి ఉంటుంది. నిలబడి ఉన్న గంటలు మైళ్ళలోకి రావు కదా. ఎగ్జిక్యూటివ్ ట్రిమ్ (మోడల్‌లో ఒక రకం), అందులోనూ ఆరు అంగుళాలు పొడవెక్కువ ఉండే 'ఎల్' మోడళ్ళు ఎక్కువగా ట్రావెల్స్‌వి. సిగ్నేచర్, కార్టియే పేర్లున్నవి చాలావరకు ఇంటి బండ్లు. పేరు చూసి నమ్మకుండా వెనక సీటు చూడండి. డ్రైవర్ సీటు కంటే వెనక కుడి సీటు ఎక్కువ నలిగి, ఆ తలుపు గడప దగ్గర కార్పెట్ అరిగి, డ్యాష్‌బోర్డు మీద స్క్రూ రంధ్రాలుంటే అది ఎన్ని వందల సూట్‌కేసులు మోసిందో లెక్కేసుకోవచ్చు.

అడుగు 2: చూడటానికి వెళ్ళినప్పుడు

నా మొదటి పెద్ద సెడాన్ ఇది కాదు, వేరే కంపెనీది. ఆఫీసయ్యాక రాత్రి ఎనిమిదింటికి, ఒక పార్కింగ్ లాట్‌లో వీధి దీపం కింద చూసి కొన్నాను. ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది. అమ్మేవాడు అరగంట ముందే స్టార్ట్ చేసి పెట్టాడని నాకు తట్టలేదు. నీళ్ళలో గేదెకు బేరమాడటమంటే అదే. మర్నాడు పొద్దున బండి స్టార్ట్ కావడానికే పది నిమిషాలు పట్టింది.

కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. తర్వాత పది అడుగులు వెనక్కి జరిగి బండిని పక్కనుంచి చూడండి. వెనక భాగం కూలబడి, డిక్కీ నేలను వాసన చూస్తున్నట్టుంటే ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి కారుతోంది. అది కొనకపోవడానికి కారణం కాదు గానీ ధర తగ్గించడానికి మంచి కారణం.

తాళం తిప్పించి మొదటి మూడు సెకన్లు చెవి పెట్టి వినండి. గలగలమని చెయిన్ శబ్దం వచ్చి ఆగకపోతే వదిలేయండి. బానెట్ కింద ఆల్టర్నేటర్ చుట్టూ టార్చ్ వేసి ఎండిన కూలెంట్ మరక ఉందేమో చూడండి. తెల్లగా, పచ్చగా ఉప్పు కట్టినట్టు కనిపిస్తుంది. ఈ ఇంజిన్‌లో ఒక్కో స్పార్క్ ప్లగ్ మీద ఒక్కో కాయిల్ లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది. కూలెంట్ ఆ గుంటలోకి దిగితే ఇంజిన్ మిస్ కొడుతుంది. కొత్త కాయిల్ వేసినా, లీక్ ఆపకపోతే నెల తిరక్కుండా మళ్ళీ అదే కథ.

తుప్పు విషయంలో మొహమాటం వద్దు. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇది ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన కారు, లారీలాగా. బాడీ మీద బొబ్బలు పర్వాలేదు. కింద పడుకుని చూస్తే ఛాసిస్ పట్టీలు పొరలు పొరలుగా ఊడుతుంటేనో, బ్రేక్ పైపులు గోధుమ రంగుకు తిరిగి ఉంటేనో నమస్కారం పెట్టి వచ్చేయండి. టెక్సస్, అరిజోనా బండ్లకు తుప్పు తక్కువ గానీ ఎండ దెబ్బ ఉంటుంది: పైకప్పు బట్ట జారుతుంది, రంగు మీది మెరుపు పొర పొలుసులా లేస్తుంది. ఆ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను కళ్ళు మూసుకుని ఎండ దెబ్బే తీసుకుంటాను.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ-2 రీడర్ ఒకటి జేబులో వేసుకెళ్ళండి. 1996 తర్వాతి బండ్లన్నిటికీ పనికొస్తుంది. చెక్ ఇంజిన్ లైట్ లేదని సంతోషపడకుండా 'రెడీనెస్ మానిటర్లు', అంటే బండి తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి, చూడండి. చాలావరకు 'నాట్ రెడీ' అని వస్తే ఎవరో మీరు రాకముందే కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ పీకి పెట్టారు.

రోడ్డు మీద 40, 45 మైళ్ళ వేగంలో యాక్సిలరేటర్ సన్నగా తొక్కి పట్టుకోండి. హైవే పక్కన గరుకు గీతల మీద వెళ్తున్నట్టు ఒక్క క్షణం వణికితే అది ఇంజిన్‌నీ ట్రాన్స్‌మిషన్‌నీ కలిపే టార్క్ కన్వర్టర్ వణుకు. చాలాసార్లు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మారిస్తే పోతుంది, పోకపోతే ఖర్చు పెద్దది. ఆ రెండో సంగతి తలచుకునే బేరమాడండి.

చివరగా కిటికీలు నాలుగూ దించి ఎత్తండి, సీట్లు అన్నివైపులా జరపండి, ఏసీ గాలి ఏ దారిలో వస్తుందో చూడండి. పాత మోడళ్ళలో గాలి ఎంతసేపటికీ ముందు అద్దం మీదికే పోతుంటే అమ్మేవాళ్ళు "ఏసీ మొత్తం మార్చాలి" అని వాళ్ళే భయపడి ధర తగ్గిస్తారు. నిజానికి చాలాసార్లు అది ఏసీ కంట్రోల్ డబ్బా వెనక గట్టిపడిపోయిన నాలుగు చిన్న రబ్బరు ఓ-రింగుల పని. గాలి దారులు తిప్పేది వాక్యూమ్. ఆ రింగులు పట్టు వదిలితే వాక్యూమ్ నిలవదు. డబ్బా బయటికి తీసి రింగులు మార్చడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

అడుగు 3: కాగితాలు

టైటిల్ (యాజమాన్య పత్రం) మీద 'సాల్వేజ్', 'రీబిల్ట్' అని, అంటే బాగా దెబ్బతిని మళ్ళీ నిలబెట్టిన బండి అని, ఉంటే ఎంత అందంగా ఉన్నా వద్దు. 2010, అంతకుముందు మోడళ్ళకు టైటిల్ మార్చేటప్పుడు ఓడోమీటర్ రీడింగ్ రాసివ్వాలన్న ఫెడరల్ నిబంధన వర్తించదు. అందుకని మైళ్ళకు సాక్ష్యం పాత ఆయిల్ బిల్లులే. కవరు నిండా బిల్లులు దాచిన పెద్దాయన దొరికితే నాలుగొందలు ఎక్కువైనా ఇచ్చేయండి. టెక్సస్‌లో టైటిల్ మార్చుకోవడానికి 130-యు ఫారం, 6.25 శాతం పన్ను, 30 రోజుల గడువు. 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ డాలస్, హ్యూస్టన్ నగరాల చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది.

రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ ఉచితంగా బాగుచేసే పనులు) కోసం ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ సైట్‌లో విన్ నంబర్ కొట్టండి. 15 ఏళ్ళు దాటిన రీకాల్స్ అందులో కనపడకపోవచ్చు. అందుకే డీలర్ సర్వీస్ కౌంటర్‌కి కూడా ఫోన్ చేయండి. ముఖ్యంగా 1990ల బండైతే క్రూజ్ కంట్రోల్ స్విచ్ రీకాల్ పని జరిగిందో లేదో కనుక్కున్నాకే ఇంటి గ్యారేజ్‌లో పెట్టండి. అది బండి ఆపి ఉన్నప్పుడు కూడా మంటలు రావచ్చన్న రీకాల్.

అడుగు 4: మొదటి నెల

బండి ఇంటికొచ్చాక పాలిష్ కొట్టాలని చెయ్యి లాగుతుంది. ముందు ద్రవాలు చూడండి. ఇంజిన్ ఆయిల్ 5డబ్ల్యూ-20, 2003 తర్వాతి బండ్లకు ఫిల్టర్‌తో కలిపి 6 క్వార్టులు. మోటార్‌క్రాఫ్ట్ ఎఫ్‌ఎల్-820ఎస్ ఫిల్టర్ ఏ ఆటో షాపులోనైనా దొరుకుతుంది. ట్రాన్స్‌మిషన్‌కి మెర్కాన్ 5 రకం ఆయిలే. పాన్ దించి ఫిల్టర్ కూడా మార్పించండి. పాన్ అడుగున సన్నటి బూడిద రంగు పొడి ఉంటే సహజం, లోహపు ముక్కలుంటే ఆలోచించాలి. కూలెంట్ బండి మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయండి, వేరే రకంతో కలపకండి. స్పార్క్ ప్లగ్గులు మార్చిన లెక్క లేకపోతే మార్పించండి, కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, చేత్తో మొదలుపెట్టి, టార్క్ రెంచ్‌తో ముగించే మెకానిక్ దగ్గరే. ఈ ఇంజిన్లలో పాతవాటి హెడ్‌కి ప్లగ్ మరలు తక్కువ. బలవంతం చేస్తే మర పోతుంది.

టైర్లు కంపెనీ ఇచ్చిన సైజే వేయండి. చక్రం నట్లు 100 పౌండ్-అడుగుల బిగువు. పసుపెక్కిన హెడ్‌లైట్లు రుద్దించుకోండి. రాత్రి రోడ్డు కొత్తగా కనిపిస్తుంది.

అడుగు 5: గాలి బ్యాగులు

ఈ కారు గుట్టంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

వెనక ఇరుసు మీద మామూలు ఇనప స్ప్రింగుల బదులు రెండు రబ్బరు గాలి బ్యాగులుంటాయి. బానెట్ కింద చిన్న కంప్రెసర్, ఇరుసు దగ్గర ఎత్తు కొలిచే సెన్సర్, ఒక్కో బ్యాగుకి కరెంటుతో తెరుచుకునే ఒక సోలినాయిడ్ వాల్వు. వెనక నలుగురెక్కినా, డిక్కీ నిండా సామాను పెట్టినా సెన్సర్ చూసుకుని కంప్రెసర్‌కి చెబుతుంది. అర నిమిషంలో బండి లేచి సమంగా నిలబడుతుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరు రెండేసి 23 కిలోల పెట్టెలు తెస్తారు కదా, ఆ బరువుకు కూడా వెనక కుంగదు.

రబ్బరు కదా, పదిహేనేళ్ళకు పగుళ్ళిస్తుంది. పోయిన శీతాకాలం మా బండి పొద్దున లేచేసరికి ఎడమవైపు నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉండేది. ఒక మెకానిక్ చూసి "ఇదంతా పీకేసి ఇనప స్ప్రింగులు వేసుకోండి, చీప్" అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు, అది చవకే. కానీ ఆ మార్పు చేసిన బండిలో కూర్చుని చూశాను. సరుకులాగా ఎగిరేసింది.

లీక్ ఎక్కడో మీరే కనిపెట్టొచ్చు. స్ప్రే బాటిల్‌లో నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు కలపండి. బండి స్టార్ట్ చేసి బ్యాగులు నిండాక ఆపి, వెనక చక్రం సందులోంచి బ్యాగు మీద, వాల్వు చుట్టూ, గొట్టం కలిసే చోటా కొట్టండి. ఒక్క నిమిషం ఊరుకోండి. మా బండికి బ్యాగు మీద ఏమీ లేదు. వాల్వు మెడ దగ్గర మాత్రం ఆవగింజలంత బుడగలు, ఒకటి పగిలేలోపు ఇంకొకటి, తీరిగ్గా పుడుతూ ఉన్నాయి. అంతా కలిపి చేసిన పని రెండు ఓ-రింగులు మార్చడం.

ఆ వాల్వు తీసేటప్పుడు రెండు మెట్లు గుర్తుంచుకోండి. మొదటి మెట్టుదాకా తిప్పి ఆగాలి, లోపలి గాలి బుస్సున పోతుంది. పూర్తిగా పోయాకే రెండో మెట్టు తిప్పి బయటికి లాగాలి. ఒక్కసారిగా లాగితే అది మొహానికి తగులుతుంది.

ఇక ఇది మర్చిపోకండి: జాకీ పెట్టే ముందు, టో ట్రక్ ఎక్కించే ముందు, డిక్కీలో ఉండే సస్పెన్షన్ స్విచ్ ఆఫ్ చేయాలి. ఆఫ్ చేయకపోతే బండి పైకి లేచిందనుకుని సిస్టమ్ గాలి వదిలేస్తుంది. మీరు కింద ఉంటే ప్రమాదం. పని అయ్యాక గాలి లేని బ్యాగు మీద బండి బరువంతా ఒక్కసారిగా దించొద్దు. మడత పడి చిరుగుతుంది. బరువు పూర్తిగా దించకముందే స్విచ్ వేసి గాలి నింపండి. చిన్న లీకే కదా అని నెలలు నెట్టకండి. కారిన గాలి నింపడానికి కంప్రెసర్ పదే పదే తిరిగి అది కాలిపోతుంది. అప్పుడు రెండు ఖర్చులు.

అడుగు 6: నడపడం, నిలపడం

పొడవు 215 అంగుళాలు. ఇక్కడి మామూలు గ్యారేజ్ లోతు 20 అడుగులంటారు గానీ వాటర్ హీటర్, షెల్ఫులు పోగా మాకు మిగిలింది ఒక జానెడు. పైకప్పు నుంచి దారానికి టెన్నిస్ బంతి వేలాడదీశాను. బంతి ముందు అద్దాన్ని ముద్దాడితే బ్రేక్. "కారుకి దిష్టి బంతి కట్టారేంటండీ" అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

పార్కింగ్‌లో తలుపుకి దూరంగా, చివరి వరసలో పెట్టండి. ముందు కారుకు ఎప్పుడూ కాస్త ఎక్కువ ఎడం వదలండి, ఇది దాదాపు రెండు టన్నుల బరువు. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, సీటు పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేవు. పెట్రోల్ ట్యాంక్ వెనక ఇరుసుకు వెనకాల ఉంటుంది, వెనకనుంచి ఎవరైనా గుద్దితే దానికి దగ్గర. కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలకు మొదటి కారుగా ఇస్తానంటే నేను వద్దంటాను.

హైవే మీద మాత్రం దీనికి సాటి లేదు. 70 మైళ్ళ దగ్గర ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, తిరుగుతున్నట్టే వినపడదు. పోయినేడు నాన్న వచ్చినప్పుడు ఆస్టిన్ తీసుకెళ్ళాను. కుర్రతనంలో పెళ్ళిళ్ళకు బెజవాడ నుంచి బందరుకు అద్దె అంబాసిడర్‌లో ఎనిమిదిమంది ఇరుక్కుని వెళ్ళిన మనిషి. ముందు సీటు సోఫాలా కలిసి ఉండటం, గేరు స్టీరింగ్ పక్కన ఉండటం చూసి "ఒరేయ్, ఇది మన అంబాసిడర్‌కి పెద్దన్న రా" అన్నాడు. వెనక సీట్లోకి మారి, దారిలో ఉన్న వేకో ఊరు రాకముందే గురక. దిగాక అన్నదొక్కటే: "వదులుగా అల్లిన నులక మంచంలా ఉంది."

అడుగు 7: ఖర్చు

ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్క సిటీలో 16, హైవేలో 24 మైళ్ళు గాలన్‌కి, మోడల్ ఏడాదిని బట్టి కాస్త అటూ ఇటూగా. మన లెక్కలో లీటరుకు దాదాపు 7 నుంచి 10 కిలోమీటర్లు. 87 ఆక్టేన్ మామూలు పెట్రోల్ చాలు, ట్యాంకు 19 గాలన్లు. నింపిన రోజు బిల్లు చూసి గుండె జారుతుంది. కానీ నెలవాయిదా లేదు, ఇన్సూరెన్స్ తక్కువ, విడిభాగాలు ఏ మూలకెళ్ళినా దొరుకుతాయి. పోలీసులు వాడిన క్రౌన్ విక్టోరియా, మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్ దీని అన్నదమ్ములే, ఇంజిన్, ట్రాన్స్‌మిషన్ భాగాలు చాలావరకు ఒకటే. దొరకనివి లింకన్‌కే ప్రత్యేకమైన లైట్లు, చెక్క రంగు పట్టీలు, సీటు తోలు. అందుకని ఇంజిన్ బాగుండి లోపల చిరిగిన బండి కంటే, లోపల చక్కగా ఉండి ఇంజిన్‌కి కాస్త పని ఉన్న బండే మేలు. ఏటా రిపేర్లకని విడిగా వెయ్యి, పదిహేను వందల డాలర్లు పక్కన పెట్టుకోండి. నేనలాగే చేస్తున్నాను, కొన్నేళ్ళు మిగులుతుంది కూడా.

"ఇండియా తీసుకెళ్ళొచ్చా?" అని చాలామంది అడుగుతారు. మూడేళ్ళు దాటిన వాడిన కార్లను, ఎడమవైపు స్టీరింగ్ ఉన్నవాటిని మామూలు దారిలో దిగుమతి చేసుకోనివ్వరు. ఇది రెండిటికీ చిక్కుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దీన్ని తిప్పడం తలచుకుంటే ఆ నిబంధన మంచిదే అనిపిస్తుంది.

ఎప్పుడు వదిలేయాలి

ఛాసిస్ తుప్పు పట్టి చిల్లు పడితే ఆ రోజే. ట్రాన్స్‌మిషన్ పోతే లోపలి భాగం, రంగు బాగుంటే బాగు చేయించుకోవచ్చు, లేకపోతే వద్దు. ఎయిర్ సస్పెన్షన్, ఏసీ, కిటికీలు పోయాయని మాత్రం అమ్మకండి. అవన్నీ శనివారాల్లో సరిపోయే పనులు. అమ్మేటప్పుడు తాళం లేకుండా తెరవడానికి డ్రైవర్ తలుపు బయట ఉండే అంకెల మీటల ఐదంకెల కోడ్ కాగితం బిల్లుల కవరులో పెట్టండి. ఆ ఫ్యాక్టరీ కోడ్ లేకపోతే కొన్నవాళ్ళు సొంత కోడ్ పెట్టుకోలేక అవస్థ పడతారు. నాన్నకి ఆ మీటలు ఎంత నచ్చాయంటే, ఉన్నన్నాళ్ళూ తాళం తనకివ్వమని ఒక్కసారీ అడగలేదు. దిగి తలుపేసి, చివరి రెండు మీటలూ కలిపి నొక్కి, నాలుగు తలుపులూ ఒక్కసారి టక్కుమని పడటం విన్నాకే ఇంట్లోకి నడిచేవాడు.